కాలి గోరు కండలోకి దిగితే ఇంట్లో ఏం చేయాలి

కాలి బొటనవేలి గోరు పక్క కండలోకి దిగి నొప్పి మొదలవగానే చాలామంది నెయిల్ కట్టర్ అందుకుని ఆ మూలను వీలైనంత లోతుగా కత్తిరిస్తారు. ఆ పూటకు హాయిగానే ఉంటుంది. గుచ్చుకుంటున్న ముక్క పోయింది కదా మరి. కొన్ని వారాలు తిరిగేసరికి అదే చోట, ఈసారి ఇంకాస్త లోపల, మళ్లీ సలుపు మొదలవుతుంది. మూల కత్తిరించినప్పుడు కంటికి ఆనని లోపలి అంచున సన్నని ముల్లులాంటి గోరు ముక్క మిగిలిపోతుంది. గోరు ముందుకు జరిగేకొద్దీ ఆ ముల్లు కండలో దిగబడుతుంది. గోరు తీసేసిన ఖాళీలోకి పక్క కండ ఉబ్బి కూర్చుంటుంది కాబట్టి తర్వాత పెరిగే గోరుకు దారి కూడా ఉండదు. మళ్లీ కత్తిరిస్తారు, మళ్లీ దిగుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే నెట్టుకొచ్చేవాళ్లున్నారు.

అందువల్ల ఇంట్లో చేసుకోవలసిన పనిలో కత్తిరించడం అనేదే లేదు. గోరు మూల పెరిగి కండను దాటి బయటికి వచ్చేదాకా గోరునూ కండనూ ఎడంగా ఉంచాలి, అంతే. కాలిగోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. చేతిగోరు వేగంలో అది సగం. కాబట్టి నొప్పి కొద్ది రోజుల్లో తగ్గినా, మూల బయటపడడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. ఈ లెక్క ముందే తెలిస్తే మధ్యలో విసుగు పుట్టి కట్టర్ వైపు చెయ్యి పోదు.

ముందు వేలిని సరిగా చూడండి

కాలు సబ్బుతో కడిగి, తుడిచి, పగటి వెలుతురులో కూర్చుని చూడండి. వంగి చూడలేకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడవచ్చు. ఆ ఫొటోను దాచుకుంటే వారం తర్వాత పోల్చుకోవడానికీ పనికొస్తుంది.

గోరు పక్కన ఎర్రబడి, కొంచెం వాచి, నొక్కితేనో బూటు వేసుకుంటేనో నొప్పి పుడుతూ, చీము జాడ లేకపోతే అది తొలిదశ. ఇక్కడ చెప్పబోయే పద్ధతులన్నీ ఈ దశకే. చీము కారుతున్నా, వాసన వస్తున్నా, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంతగా రాత్రుళ్లు సలుపుతున్నా ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చూపించాలి. ఈలోగా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టుకోవచ్చు కానీ దూది, టేపు పెట్టకండి. గోరు పక్కన ఎర్రగా, తడితడిగా, ముట్టుకుంటే రక్తం వచ్చే దుర్మాంసం పెరిగి గోరు మీదికి పొర్లితే వ్యవహారం ఇంటి వైద్యాన్ని దాటిపోయినట్టే. లోపల గోరు గుచ్చుకుంటున్నంతకాలం శరీరం ఆ కండను పెంచుతూనే ఉంటుంది. పైన ఎన్ని పూతలు పూసినా ప్రయోజనం తక్కువ.

ఎరుపు వేలు దాటి పాదం మీదికి పాకినా, అక్కడి నుంచి కాలి పైకి ఎర్రని చారలు కనిపించినా, జ్వరం వచ్చినా, గజ్జల్లో బిళ్ల కట్టినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేపటిదాకా ఆగవద్దు.

షుగర్ ఉన్నవారి సంగతి వేరు. వాళ్లు తొలిదశలోనే డాక్టరును కలవాలి, ఇంట్లో ప్రయోగాలు చేయకూడదు. చాలాకాలంగా షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ మొద్దుబారుతుంది. కాబట్టి గోరు దిగినా నొప్పి తెలియదు, నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలియదు. రక్తప్రసరణ కూడా తగ్గి ఉంటే చిన్న పుండు మానడానికే నెలలు పట్టవచ్చు, లేదా మానకుండా పైకి పాకి వేలినే తీసేయవలసిన పరిస్థితి రావచ్చు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో షుగర్ ఉన్నవారి సంఖ్యను 10 కోట్లకు పైగా లెక్కగట్టింది. కాబట్టి ఇది ఎవరో కొద్దిమందికి సంబంధించిన హెచ్చరిక అనుకోవద్దు. నలభై దాటిన వారికి వేలిపుండు మానకుండా సతాయిస్తుంటే, ఇంతవరకు షుగర్ పరీక్ష చేయించుకోకపోతే, ముందు ఆ పరీక్ష చేయించుకోవడం మంచిది.

కాస్త దూరం నడిస్తే పిక్కలు పట్టేసేవారు, స్టిరాయిడ్లు గానీ క్యాన్సర్ మందులు గానీ వాడుతున్నవారు, రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకునేవారు కూడా ఇదే కోవలోకి వస్తారు.

మరొక్క మాట. గోరు కింద నల్లని లేదా ముదురు గోధుమరంగు చార ఉండి అది వెడల్పవుతున్నా, దెబ్బేమీ తగలకుండానే ఒకే వేలికి నెలల తరబడి మానని పుండు ఉన్నా దాన్ని గోరు దిగడం అని మీరే తేల్చేయకండి. అరుదుగా గోరు కింద క్యాన్సర్ కూడా ఇలాగే మొదలవుతుంది. చర్మవైద్యులు చూడాలి.

నానబెట్టడం

వేళ్లు మునిగేలా ఒక బేసినులో గోరువెచ్చని నీళ్లు పోయండి. చంటిపిల్లల స్నానానికి చూసినట్టే మోచేతితో చూసుకోండి. చుర్రుమంటే చల్లనీళ్లు కలపండి. పదిహేను ఇరవై నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. ఉద్యోగానికి వెళ్లేవారికి పొద్దున స్నానానికి ముందు ఒకసారి, ఇంటికి రాగానే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి కుదురుతుంది. నీళ్లలో ఒక చెంచా కల్లుప్పు వేయవచ్చు. మందుల షాపులో దొరికే ఎప్సమ్ ఉప్పు కూడా వాడుతుంటారు. నా లెక్కన ఆ ఖర్చు అవసరం లేదు. ఇక్కడ పని చేసేది ప్రధానంగా గోరువెచ్చదనం. అది గోరును, చర్మాన్ని మెత్తబరుస్తుంది, వాపు లాగేస్తుంది. డెట్టాల్ కలపాలని ముచ్చటపడేవారున్నారు. వద్దు. రేగిన చర్మం మీద అది మంట పుట్టించడమే కాక మానే కణాలనూ దెబ్బతీస్తుంది.

నానడం ఎంత ముఖ్యమో తర్వాత ఆరబెట్టడం అంతే ముఖ్యం. ఎప్పుడూ తడిగా ఉండే చర్మం పాసిపోయి ఇంకా సులువుగా చిట్లుతుంది. శుభ్రమైన మెత్తటి గుడ్డతో అద్ది, వేళ్ల సందుల్లోనూ తుడిచి, ఐదు నిమిషాలు గాలికి వదిలేయండి. వరినాట్ల రోజుల్లో పొద్దస్తమానం బురదలో నిలబడేవారికి, హోటళ్లలో గిన్నెలు కడిగేవారికి ఈ సమస్య ఒకసారి వస్తే ఒక పట్టాన వదలకపోవడానికి ఈ తడి ఒక కారణం. పనికి వెళ్లక తప్పనివారు రాగానే కాళ్లు కడిగి ఆరబెట్టుకోవాలి. పుండు పడి ఉంటే మాత్రం బురదలోకి దిగవద్దు.

ఆరాక, చెవులు శుభ్రం చేసుకునే దూదిపుల్లతో గోరు పక్క కండను గోరు నుంచి బయటివైపుకు, కిందికి మెల్లగా నెట్టండి. నాలుగైదు సార్లు చాలు. తొలి రెండు రోజులు నొప్పిగా ఉంటుంది, వాపు తగ్గేకొద్దీ కండ లొంగుతుంది. తర్వాత సన్నగా వేజిలైన్ రాసి, బట్ట రాపిడి తగలకుండా చిన్న గాజుగుడ్డ చుట్టండి. తేలికపాటి కేసులు కొన్ని ఈ ఒక్క పనితోనే వారం లోపు సర్దుకుంటాయి.

గోరు కింద దూది

నానబెట్టి మూడు రోజులైనా మూల ఇంకా గుచ్చుకుంటుంటే దూది పెట్టి చూడవచ్చు. చీము లేకపోతేనే అని మళ్లీ చెబుతున్నాను. చీము మీద దూది కుక్కితే అది బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది.

చేతులు సబ్బుతో కడుక్కోండి. శుభ్రమైన దూది నుంచి కొద్దిగా పీకి, రెండు వేళ్ల మధ్య నలిపి, బియ్యపు గింజ కంటే సన్నగా, దాని పొడవున వత్తి చేయండి. నానబెట్టిన వెంటనే గోరు మెత్తగా ఉన్నప్పుడు, మూల దగ్గర గోరు అంచును మెల్లగా పైకి లేపి ఆ వత్తిని గోరుకూ కండకూ మధ్య జరపండి. పూర్తిగా మూలకు వెళ్లకపోయినా ఫరవాలేదు, మొదటిరోజు వెళ్లినంతే. రెండో రోజు కాస్త ఎక్కువ వెళ్తుంది. దూది పెట్టాక గోరు పైకి లేచినట్టు అనిపించాలి, నొప్పి తగ్గాలి. పెరిగితే తీసేయండి. దూదికి బదులు పళ్ల సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని మడిచి పెట్టేవారూ ఉన్నారు. దూది జరపడానికి గుండుసూది, పిన్నీసు, కత్తెర మొన, అగ్గిపుల్ల వాడకూడదు. చేత్తోనే చేయాలి, లేదా మొద్దు అంచున్న చిన్న పట్టకారును స్పిరిట్‌తో తుడిచి వాడాలి.

ప్రతిసారి నానబెట్టినప్పుడు పాత దూది తీసి కొత్తది పెట్టాలి. కనీసం రోజుకొకసారైనా మార్చకపోతే చెమట, మురికి పట్టి అదే కొత్త సమస్య అవుతుంది. నీళ్లలో నానితే అది తేలిగ్గా ఊడివస్తుంది. పొడి దూదిని లాగకండి.

టేపుతో కండను లాగి ఉంచడం

దూది కంటే నాకు ఈ పద్ధతి మీద గురి ఎక్కువ. గోరు జోలికే పోదు, కండను పక్కకు లాగి ఉంచుతుంది. పిల్లలకు కూడా పెద్దగా నొప్పి లేకుండా చేయవచ్చు. మందుల షాపులో ప్లాస్టర్ అడిగితే ఇస్తారు. కాస్త సాగే గుడ్డ టేపు అయితే మంచిది, కాగితంలా ఉండే మైక్రోపోర్ త్వరగా ఊడిపోతుంది.

ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవు ఉన్న ముక్క కత్తిరించుకోండి. వేలు పూర్తిగా పొడిగా ఉండాలి. వేజిలైన్ రాసి ఉంటే తుడిచేయండి, లేకపోతే అతకదు. టేపు ఒక చివరను గోరు దిగిన వైపు కండ మీద, గోరు అంచుకు ఆనుకునేంత దగ్గరగా, గోరు మీదికి రాకుండా అతికించండి. రెండో చేతి బొటనవేలితో ఆ చివరను నొక్కి పట్టి, టేపును కిందికి, గోరుకు దూరంగా లాగండి. కండ గోరు నుంచి విడిపోయి మధ్యలో సన్నని సందు కనిపించాలి. లాగిన బిగువు వదలకుండా టేపును వేలి అడుగునుంచి ఏటవాలుగా చుట్టి, రెండో పక్కనుంచి పైకి తెచ్చి, గోరు మొదలుకు వెనకాల వేలి మీద అతికించి వదిలేయండి. మొదటి చుట్టు మీదికే మళ్లీ మళ్లీ చుట్టకూడదు. వాపు వస్తే అది ఉరిలా బిగుసుకుంటుంది.

చుట్టాక వేలి కొన నొక్కి చూడండి. తెల్లబడి, వేలు తీయగానే రెండు మూడు సెకన్లలో మళ్లీ రంగు రావాలి. ముదురు రంగు చర్మం మీద ఈ మార్పు గోరులో బాగా తెలుస్తుంది. తిమ్మిరెక్కినా, వేలు చల్లబడినా, నీలం తిరిగినా వెంటనే విప్పేయండి. టేపు రోజుకొకసారి, చెమట ఎక్కువ పడితే రెండుసార్లు మార్చాలి. చర్మం దురద పెట్టి పొక్కులు వస్తే ఆ టేపు మీకు పడదని అర్థం, రకం మార్చండి. నొప్పి తగ్గాక కూడా మూల కండను దాటి కనిపించేదాకా టేపు వేస్తూ ఉండాలి. ఎక్కువమంది ఇక్కడే ఆపేస్తారు, అందుకే మళ్లీ మొదటికొస్తుంది.

చెప్పులు, బూట్లు, నొప్పి మాత్రలు

ఈ వారాల్లో బొటనవేలిని ఏదీ నొక్కకూడదు. ముందు తెరిచి ఉండే చెప్పులు మంచివి కానీ బొటనవేలికి విడిగా ఉంగరం ఉండే చెప్పులు మాత్రం వద్దు. ఆ ఉంగరం సరిగ్గా కావలసిన చోటే ఒత్తుతుంది. హవాయి చెప్పుల పట్టీ కూడా లోపలివైపు గోరు దిగినవారికి రాసుకుంటుంది. పక్క వేలికి మెట్టె ఉంటే, వాపు అటు పాకుతున్నట్టు అనిపించగానే తీసి పక్కన పెట్టండి. వాచిన తర్వాత తీయాలంటే కత్తిరించాల్సి వస్తుంది. బడికి నల్లబూట్లు తప్పనిసరి అయిన పిల్లల విషయంలో ఒక చీటీ రాసి పంపి కొన్నాళ్లు చెప్పులతో పంపడం మేలు. నిజానికి పిల్లల్లో ఈ బాధకు ఆ బూట్లే మూలం కావడం చాలా మామూలు. జూన్‌లో కొన్నవి జనవరికి ఇరుకైపోతాయి, ఎలాగూ మూడు నెలల్లో బడి అయిపోతుందిలే అని లాగించేస్తాం.

పదిహేను ఇరవై ఏళ్ల కుర్రాళ్లలో ఇది ఎక్కువ. పాదాలకు చెమట పట్టి చర్మం మెత్తబడడం, ఆటల్లో వేలికి దెబ్బలు తగలడం, గోళ్లు చేత్తో పీకే అలవాటు అన్నీ కలిసివస్తాయి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవారిలో గోరు పక్క కండ సున్నితమై ఈ సమస్య రావచ్చు. అలాంటివారు మందు రాసిన చర్మవైద్యుడికి చెప్పాలి. సొంతంగా మానేయనక్కర్లేదు.

నొప్పికి పెద్దవారు పారాసెటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర వేసుకోవచ్చు, మోతాదుకూ మోతాదుకూ మధ్య ఆరు గంటలు ఉండేలా. కాలేయ జబ్బు ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు ముందు డాక్టరును అడగాలి. ఐబుప్రొఫెన్ వాపునూ తగ్గిస్తుంది కానీ కడుపులో అల్సరు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణులు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు దాని జోలికి పోకూడదు. పిల్లలకు బరువును బట్టి మోతాదు ఉంటుంది. ఆస్పిరిన్ అసలే ఇవ్వకూడదు. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకుంటే సలుపు తగ్గుతుంది.

వీటి జోలికి పోవద్దు

చేతివేలికి గోరుచుట్టు వస్తే నిమ్మకాయకు బెజ్జం చేసి వేలికి తొడగడం మన ఇళ్లలో పాత పద్ధతి. కాలివేలికీ అదే చేస్తారు. ఇక్కడ గోరు చీల్చిన పచ్చిపుండు ఉంటుంది. నిమ్మరసం పడితే మంటతో పాటు చర్మం తెల్లబడి మెత్తబడిపోతుంది, గోరు మరింత సులువుగా దిగుతుంది. సున్నం-బెల్లం పట్టు, జిల్లేడు పాలు ఇంకా ప్రమాదం. రెండూ చర్మాన్ని కాలుస్తాయి. పసుపు అంత హాని చేయదు కానీ నేను వద్దనడానికి ఒక కారణం ఉంది. పసుపు రాసిన వేలు పచ్చగా ఉండి, కింద ఎరుపు ఎంత దూరం పాకిందో కనిపించదు. గోరింటాకూ అంతే. మీరు ప్రతిరోజూ గమనించవలసింది ఆ ఎరుపునే.

గోరు మధ్యలో కత్తెరతో గాటు పెడితే అంచులు లోపలికి లాక్కుంటాయని ఒక నమ్మకం చాలాచోట్ల ఉంది. గోరు పెరిగేది వెనకనున్న మొదలు నుంచి. కొసలో గాటు పెడితే గోరు పగలడం తప్ప ఏమీ జరగదు. బ్యూటీ పార్లర్‌లో పెడిక్యూర్ చేసేవారితో మూలలు తీయించుకోవడం కూడా ఇంట్లో కత్తిరించుకోవడం కంటే మెరుగేమీ కాదు. పైగా ఆ పరికరం అంతకుముందు ఎవరి వేలిలో తిరిగిందో తెలియదు.

మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కోవడం గురించి. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఒక ప్రచారం మొదలుపెట్టింది: మాత్రల పట్టీ మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడకండి అని. యాంటీబయాటిక్ పట్టీల మీద ఆ గీత ఉంటుంది. ఈ సమస్యలో అయితే అవి వృథా కూడా. గుచ్చుకున్న గోరు అక్కడే ఉన్నంతకాలం మందు ఆపగానే చీము మళ్లీ వస్తుంది. ఎరుపు పాకుతున్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు అవి కావాలి, అప్పుడు డాక్టరే రాస్తారు.

డాక్టరు దగ్గర ఏం జరుగుతుంది

వారం పది రోజులు పద్ధతిగా చేసినా నొప్పి తగ్గకపోతే, లేదా తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే చర్మవైద్యుడినో సర్జన్‌నో కలవండి. గోరంతా పీకేస్తారనే భయంతోనే చాలామంది ఏడాదికి ఏడాది వాయిదా వేస్తారు. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. పూర్వం అలా పీకడమే ఎక్కువ, ఇప్పటికీ కొన్నిచోట్ల చేస్తారు. కానీ గోరు మొదలును ఏమీ చేయకుండా గోరు మాత్రం పీకేస్తే అది తిరిగి పెరిగి మళ్లీ దిగే అవకాశం చాలా ఎక్కువ. గోరు లేని నెలల్లో వేలి కొన కండ పైకి లేచి, కొత్త గోరుకు ముందు గోడలా అడ్డం వస్తుంది కూడా. బొటనవేలి గోరు పూర్తిగా తిరిగి రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది.

ఇప్పుడు ఎక్కువగా చేసేది వేరు. వేలి మొదట్లో రెండు వైపులా మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. ఉన్న నొప్పంతా ఆ సూదులదే, నిమిషంలోపు అయిపోతుంది. వేలు మొద్దుబారాక, కండలోకి దిగిన వైపు గోరును రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు పట్టీగా మొదలు వరకు నిలువునా కత్తిరించి తీసేస్తారు. మిగతా గోరు అలాగే ఉంటుంది. తర్వాత ఆ పట్టీ పుట్టే మొదలు మీద ఫినాల్ అనే రసాయనం అద్ది, అక్కడి గోరు మళ్లీ పెరగకుండా చేస్తారు. అరగంట లోపు పని. అదే రోజు నడిచి ఇంటికి వస్తారు, బండి మాత్రం మీరు నడపకండి. గోరు ఎప్పటికీ కాస్త సన్నగా ఉంటుంది, చూసేవారు గుర్తుపట్టలేరు. ఫినాల్ పెట్టినచోట రెండు నుంచి నాలుగు వారాలు పలచని రసి కారుతుంది. అది చీము కాదు, కానీ కట్టు మారుస్తూ ఉండాలి.

కాబట్టి డాక్టరును ఒక్క ప్రశ్న అడగండి: పక్క పట్టీ మాత్రమే తీస్తారా, మొదలు దగ్గర ఫినాల్ పెడతారా? జవాబు గోరంతా తీసేస్తాం, మొదలును ఏమీ చేయం అని వస్తే, ఎందుకని అడగడానికి మొహమాటపడవద్దు. అవసరమైతే ఇంకొకరికి చూపించుకోండి. ఇంతకీ ఆ ఫినాల్‌కూ నేల తుడిచే ఫినాయిల్‌కూ సంబంధం కలిపి ఇంట్లో ప్రయోగం చేయకండి. డాక్టరు వాడేది గాఢమైన ఫినాల్, లెక్కపెట్టి కొద్ది నిమిషాలే అద్దుతారు, చుట్టూ చర్మాన్ని కాపాడుకుంటూ.

దుర్మాంసం పెరిగి ఉంటే అదే సమయంలో దాన్నీ తీసేస్తారు. రాయి తగిలి గోరు చీలి మొదలైన పుండు అయితే ధనుర్వాతం టీకా చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో చెప్పాలి. అయిదేళ్లు దాటితే వేస్తారు.

ఇకపై గోళ్లు తీసుకునే పద్ధతి

స్నానం అయ్యాక, గోళ్లు మెత్తగా ఉన్నప్పుడు తీసుకోండి. గోరును వేలి ఆకారంలో గుండ్రంగా కాక అడ్డంగా, సూటిగా కత్తిరించాలి. తెల్ల అంచు ఒకటి రెండు మిల్లీమీటర్లు మిగలాలి. రెండు మూలలూ చర్మం పైన కంటికి కనిపిస్తూ ఉండాలి. మూల కోసుగా ఉండి సాక్సుకు తగులుకుంటుంటే ఆకురాయితో మొన మాత్రం మొద్దు చేయండి. పెద్ద కట్టర్ సూటి అంచుది కొనుక్కుంటే ఈ పని తేలిక. చేతిగోళ్ల కట్టర్ వంపు తిరిగి ఉంటుంది, ఒక్క దెబ్బకు కత్తిరిస్తే మూలలు దానంతటవే పోతాయి. అదే ఉంటే మధ్యనుంచి మొదలుపెట్టి చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించండి. గోళ్లు పెరిగే వేగాన్ని బట్టి నెలకొకసారి సరిపోతుంది.

మంగళవారం, శుక్రవారం గోళ్లు తీయకూడదు, దీపాలు పెట్టాక తీయకూడదు అని చాలా ఇళ్లలో పాటిస్తారు. పాటించండి, ఇబ్బంది లేదు. దీపాలు పెట్టాక వద్దనడం కాలిగోళ్ల విషయంలో మంచి సలహా కూడా. అయితే ఆదివారం హడావిడిగా, మళ్లీ ఎప్పుడు కుదురుతుందో అని పొట్టిగా లాగేయడం ఉంది చూశారా, అదే చేటు. అయ్యప్ప మాల వేసుకునేవారు దీక్ష రోజుల్లో గోళ్లు తీయరు, చెప్పులు వేసుకోరు. వాళ్లు కూడా మాలకు ముందు రోజు మొదలంటా కత్తిరిస్తుంటారు. 41 రోజుల్లో కాలిగోరు పెరిగేది రెండు మిల్లీమీటర్ల పైచిలుకే. మామూలు పొడవులో సూటిగా తీసుకుని వెళ్తే ఇరుముడి దింపేదాకా ఏ ఇబ్బందీ రాదు.

బూట్లు సాయంత్రం కొనండి, పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి కొలత సరిగ్గా తెలుస్తుంది. నిలబడి చూసినప్పుడు అన్నిటికంటే పొడవైన వేలికీ బూటు కొనకూ మధ్య ఒక సెంటీమీటరు ఉండాలి. మరీ వదులైనా నడిచేటప్పుడు పాదం ముందుకు జారి గోరు గోడకు కొట్టుకుంటుంది.

ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల గోళ్లు మీరు తీయండి. వంగలేక, చూపు ఆనక, చేత్తో తడుముతూ తీసుకుంటారు. వయసుతోనో శిలీంధ్రం వల్లో గోరు మందంగా, పసుపురంగుకు తిరిగి, పక్కలు లోపలికి ముడుచుకుని ఉంటే కట్టర్ పట్టదు, బలవంతం చేస్తే నిలువునా చీలుతుంది. అరగంట నానబెట్టి, ముందు ఆకురాయితో పైనుంచి పలచన చేసి, ఆ తర్వాత కొద్దికొద్దిగా కత్తిరించాలి. ఒకే రోజు పది వేళ్లూ పూర్తి చేయనవసరం లేదు.